కానరాని విషము

సంతకు పోయి వంకాయలు బేరమాడు గృహిణి ఏమి చూచును? కాయ నిగనిగలాడుచున్నదా, తొడిమ పచ్చగా నున్నదా, పుచ్చు కలదా యని చూచును. వ్రేలితో నొక్కి లేతదో ముదిరినదో తెలిసికొనును. ఈ విద్య మన తల్లులకు వెన్నతో పెట్టినది. కాని ఆ కాయపై రెండు దినములకు ముందు చల్లిన మందు ఇంకను నిలిచియున్నదా, నిలిచినచో ఎంత యున్నది అను విషయము కంటికి కనబడదు, ముక్కునకు తెలియదు, నాలుకకు తగులదు. పుచ్చులేని కాయను ఏరుకొని సంతోషింతుము. పురుగు ఆ కాయను ఏల ముట్టలేదో యోచింపము.

ఈ లోపమును తీర్చుటకు నేడు అఱచేతిలో ఇముడు చిన్న పరికరములు వెలసినవి. కాయను కడిగిన నీటిచుక్కను ఒక అట్టముక్కపై వేసి కొన్ని నిమిషములు వేచియున్నచో విషము మిగిలియున్నదో లేదో రంగును బట్టి తెలియును. ఇట్టి పరికరము కావలెనను కోరిక జనులకు పుట్టుటకు పూర్వము, ఆహారములో విషము చేరుచున్నదను సంగతియే వారికి తెలియవలసి యుండెను. ఆ సంగతిని దేశాధ్యక్షుడు మొదలు సామాన్య గృహిణి వఱకు అందఱికిని అర్థమగునట్లు తెలియజెప్పిన స్త్రీ రేచెల్ కార్సన్. ఆమె చరిత్రమే ఇది.

రేచెల్ 1907వ సంవత్సరము మే నెల 27వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో, పెన్సిల్వేనియా రాష్ట్రమందలి స్ప్రింగ్‌డేల్ అను చిన్న యూరిలో జన్మించెను. తండ్రి పేరు రాబర్ట్. తల్లి పేరు మేరియా. ముగ్గురు బిడ్డలలో ఆమె కడగొట్టుది. అలిగేనీ నదికి సమీపమున వారికి 65 ఎకరముల భూమి యుండెను గాని అది సిరులు పండించు భూమి కాదు. తండ్రి ఆ నేలను ఇండ్ల స్థలములుగా అమ్మి బాగుపడవలెనని ఆశించెను. ఆ యాశ తీరలేదు. తల్లి వివాహమునకు ముందు ఉపాధ్యాయిని. వివాహమైన స్త్రీకి ఆ యుద్యోగము తగదను నాటి ఆచారమును బట్టి మానుకొని, తన విద్య నంతయు కడపటి కూతునకు ధారపోసెను. తల్లియు బిడ్డయు చెట్లనడుమ తిరుగుచు పక్షుల కూతలు గుర్తించుచు, పూవుల పేర్లు చెప్పుకొనుచు కాలము గడిపెడివారు. ఇంటిలోనికి పురుగు వచ్చినచో మేరియా దానిని చంపనిచ్చెడిది కాదట. మెల్లగా పట్టి బయట విడిచెడిదట. తరువాతి కథ తెలిసినవారికి ఈ చిన్న ముచ్చట మఱపునకు రాదు.

రేచెల్‌కు చిన్ననాటనుండియు రచనపై మక్కువ. పదునొకండేండ్ల ప్రాయమున ఆమె వ్రాసిన కథ ఒక ప్రసిద్ధమైన బాలల పత్రికలో అచ్చయ్యెను. రచయిత్రి కావలెనను తలంపుతోనే 1925లో పిట్స్‌బర్గు నగరమందలి స్త్రీల కళాశాలలో చేరి ఆంగ్లసాహిత్యమును చదువ మొదలిడెను. కూతురి జీతములు కట్టుటకు తల్లి పియానో పాఠములు చెప్పెను. ఇంటిలోని పింగాణీ పాత్రలను సైతము అమ్మెను. ఆ కళాశాలలో మేరీ స్కాట్ స్కింకర్ అను అధ్యాపకురాలు జీవశాస్త్రమును బోధించుచుండెను. ఆమె పాఠములు విన్న తరువాత రేచెల్ మనస్సు నిలువలేదు. 1928లో, చదువు ముగియుటకు ఏడాదిన్నర మాత్రమే మిగిలియుండగా, సాహిత్యమును విడిచి జీవశాస్త్రమునకు మారెను. హితులు వలదనిరి. స్త్రీకి విజ్ఞానశాస్త్రములో బ్రతుకుతెరువు దొరకదనిరి. పైగా చక్కని రచయిత్రి చెడిపోవుచున్నదని విచారించిరి. ఒక మంచి గురువు పాఠము విద్యార్థి జీవితమును ఎట్లు త్రిప్పివేయునో, నలుబదియేండ్లు బల్లముందు నిలిచిన నావంటివానికి చెప్పనక్కఱలేదు. రేచెల్ రచనను వదలలేదని, దానికి విషయము దొరకినదని ఆ హితులకు అప్పుడు తెలియదు.

1929లో పట్టము పొంది, ఆ వేసవిలో వుడ్స్ హోల్ అను చోటనున్న సముద్ర జీవశాస్త్ర పరిశోధనాలయమునకు పోయెను. అంతవఱకు ఆమె సముద్రమును పుస్తకములలోనే చూచియుండెను. కన్నులార చూచినది అప్పుడే. ఆ చూపుతో కలిగిన ప్రేమ కడవఱకు తఱుగలేదు. 1932లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము నుండి జంతుశాస్త్రములో ఎం.ఏ. పట్టమందెను. పై పరిశోధన సాగింపవలెనని యుండినను, దేశమంతట ఆర్థికమాంద్యము వ్యాపించిన కాలమది. ఇల్లు గడుచుటయే కష్టమయ్యెను. 1935లో తండ్రి మరణించెను. 1937లో అక్క, ఇద్దఱు చిన్న కూతుండ్రను విడిచి కన్నుమూసెను. గోరుచుట్టుపై రోకటిపోటు అన్నట్లు ఒకదానిపై నొకటి వచ్చిన ఈ కష్టములలో వృద్ధమాతను, తల్లిలేని పిల్లలను పోషించు భారము రేచెల్ తలపై పడెను.

అదృష్టవశమున ప్రభుత్వ మత్స్యశాఖలో పని దొరకెను. మొదట చేపలను గుఱించి రేడియో ప్రసంగములు వ్రాయు పని. పిమ్మట 1936లో పోటీపరీక్షలో అందఱికంటె మిన్నగా నిలిచి స్థిరమైన ఉద్యోగము పొందెను. ఒకసారి పైయధికారి సముద్రమును గుఱించి ఒక చిన్న పీఠిక వ్రాసి యిమ్మనెను. ఆమె వ్రాసి తెచ్చినదానిని చదివి, ఇది సర్కారు కాగితములలో పడవలసిన వ్రాత కాదని, ప్రసిద్ధ మాసపత్రికకు పంపుమని సలహా యిచ్చెను. ఇట్టి అధికారులు అరుదు. ఆ వ్యాసము 1937లో అట్లాంటిక్ మంథ్లీ పత్రికలో వెలువడెను. దానినుండి మొదటి గ్రంథము పుట్టి 1941లో ప్రచురింపబడెను గాని, మఱునెలలోనే అమెరికా యుద్ధములో దిగుటచే దానిని పట్టించుకొన్నవారు లేకపోయిరి. పదేండ్ల తరువాత, 1951లో వెలువడిన ‘ది సీ అరౌండ్ అజ్’ అను సముద్రచరిత్ర ఆమెను ఒక్కసారిగా ప్రఖ్యాతురాలిని చేసెను. ఆ గ్రంథము 86 వారములు అత్యధికముగా అమ్ముడుపోవు పుస్తకముల పట్టికలో నిలిచెను. 1952లో ఆమె ఉద్యోగము విడిచి, మెయిన్ రాష్ట్రపు సముద్రతీరమున సౌత్‌పోర్ట్ దీవిలో చిన్న కుటీరము నిర్మించుకొనెను. కీర్తియు, కొంత ధనమును, ఇష్టమైన సముద్రమును చేరువయ్యెను. ఆమె కథ ఇచ్చటనే ముగిసినను మంచి కథయే యగును.

కాని డి.డి.టి. అను మూడక్షరములు చాలకాలము నుండి ఆమె మనస్సున ముల్లువలె నుండెను. డి.డి.టి. పురుగులను చంపునని 1939లో స్విట్జర్లాండు దేశస్థుడైన పాల్ మ్యూలర్ కనుగొనెను. అందులకై 1948లో నోబెల్ బహుమానము నందెను. యుద్ధకాలమున పేలవలన వ్యాపించు జ్వరమునుండి అది వేలమందిని కాపాడెను. యుద్ధానంతరము విమానములతో పొలములపైనను, అడవులపైనను, ఊళ్లపైనను చల్లబడెను. మన దేశములో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకము ఆరంభమైనప్పుడు డి.డి.టి. యే ప్రధానాయుధము. నా బాల్యమున పంపులు మోసికొని వచ్చిన మనుష్యులు మా యింటి గోడలపై తెల్లని నీరు కొట్టి, తలుపుపై తేదీ వ్రాసి పోవుట నాకు చక్కగా జ్ఞాపకమున్నది. పిల్లలమందఱము వారి వెనుక పరుగెత్తెడివారము. దోమలతోపాటు మంచములలోని నల్లులు కూడ చచ్చినవని పెద్దలు సంతసించెడివారు. ఆ సంతోషము అబద్ధము కాదు. మలేరియా తగ్గిన మాట నిజము. ఇది చెప్పనిచో రేచెల్ ఎంత కష్టమైన మాటను పలుకబూనెనో తెలియదు. ప్రజలు మెచ్చిన మందును ఆమె ప్రశ్నింపవలసి వచ్చెను.

1945లోనే డి.డి.టి. వలన పక్షులకు, చేపలకు కలుగు హానిని గుఱించి వ్యాసము వ్రాసెదనని ఒక పత్రికకు తెలుపగా, ఆ పత్రికవారు అక్కఱలేదనిరి. పదుమూడేండ్లు గడచినవి. 1958 జనవరిలో మసాచుసెట్స్ రాష్ట్రమునుండి ఓల్గా హకిన్స్ అను స్నేహితురాలి లేఖ వచ్చెను. దోమలను చంపుటకై విమానమునుండి చల్లిన మందు తన పక్షుల యాశ్రయముపై పడగా, పెరటిలో పక్షులు కాళ్లు ముడుచుకొని, ముక్కులు తెఱచి చచ్చిపడియున్నవని ఆమె వ్రాసెను. రేచెల్ ఈ విషయమును వ్రాయుటకు తగినవారెవరైన దొరకుదురా యని వెదకెను. ఎవ్వరును ముందునకు రాలేదు. తానే పూనుకొనెను.

అప్పటికి ఆమె గృహస్థితి ఎట్టిది? అక్కకూతుండ్రలో ఒకతె 1957లో మరణింపగా, ఆమె కుమారుడైన అయిదేండ్ల బాలుని రేచెల్ దత్తత చేసికొనెను. తల్లికి ఎనుబది యెనిమిదేండ్లు దాటినవి. 1958 డిసెంబరులో ఆమెయు స్వర్గస్థురాలయ్యెను. ఇంట చంటివాని యల్లరి, మనస్సున దుఃఖము, బల్లపై గుట్టలుగా పరిశోధనపత్రములు. ఏడాదిలో ముగియుననుకొన్న పని నాలుగేండ్లు పట్టెను.

ఆమె సేకరించిన సాక్ష్యములలో రెండింటిని మాత్రము చెప్పెదను. మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఆవరణలో ఎల్మ్ వృక్షములకు తెగులు రాకుండుటకై 1954 నుండి డి.డి.టి. చల్లిరి. మందు ఆకులకు అంటెను. ఆకులు రాలి నేలపై పడగా వానపాములు వానిని తినెను. వసంతమున తిరిగివచ్చిన రాబిన్ పక్షులు ఆ వానపాములను తినెను. తిని గిలగిల తన్నుకొని చచ్చెను. పక్షిపై ఎవ్వరును మందు చల్లలేదు. పదునొకండు పెద్ద వానపాములు చాలు, ఒక రాబిన్ ప్రాణము తీయుటకు. అన్ని పాములను ఆ పక్షి కొద్ది నిమిషములలో మ్రింగగలదు.

రెండవది కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ అను సరస్సు కథ. అచ్చట చేపలు పట్టవచ్చు విహారులను చిన్న దోమవంటి పురుగు వేధించుచుండెను. అది కుట్టదు, ఊరకే ముసురును. దానిని తొలగించుటకై డి.డి.టి. కి దగ్గఱ చుట్టమైన డి.డి.డి. అను మందును మిక్కిలి పలుచగా, సుమారు ఏడుకోట్ల భాగముల నీటికి ఒక భాగము చొప్పున, 1949లో కలిపిరి. పిమ్మట 1954లోను, 1957లోను మఱల కలిపిరి. కొంతకాలమునకు సరస్సుపై తేలియాడు గ్రీబ్ అను నీటిపక్షులు చావసాగెను. అంటురోగమేదియు కనబడలేదు. వాని కొవ్వును పరీక్షింపగా పదిలక్షల భాగములకు 1600 భాగముల మందు బయటపడెను. నీటిలో లేశమాత్రముగా నున్నది నాచుతునియలవంటి సూక్ష్మజీవులలో చేరి పదిలక్షలకు 5 భాగములాయెను. వానిని తిను చేపలలో 40 మొదలు 300 భాగములాయెను. చేపలను తిను ప్రాణులలో వేలసంఖ్యకు ప్రాకెను. ఒకప్పుడు వేయి జంటలకు మించి కాపురమున్న ఆ సరస్సులో 1960 నాటికి ముప్పది జంటలు మాత్రము మిగిలెను. అప్పులవాని పద్దులో వడ్డి పెరిగినట్లు, మెట్టుమెట్టునకు విషము పెరిగినది. దీనిని కన్నులు చూడలేదు. రసాయనశాల తూచి చెప్పినది.

కాయగూరల సంగతి కూడ ఆమె విడువలేదు. ప్రతి ఆహారపదార్థమునకును ఇంత మందు వఱకు ఉండవచ్చునని ప్రభుత్వము ఒక హద్దు పెట్టియుండెను. ఒక కూరకు ఒక హద్దు, ఒక పండునకు మఱియొక హద్దు. కాని మనుష్యుడు ఒక్క కూరయే తిని ఊరకుండునా? ఉదయము పండు, మధ్యాహ్నము కూర, రాత్రి పాలు – అన్నియు ఒక్క కడుపులోనే చేరును. హద్దు పెట్టిన మాత్రమున చాలునా, దానిని చూచువారేరి యని ఆమె లెక్కలు తీసెను. ఒక రాష్ట్రము నుండి మఱియొక రాష్ట్రమునకు పోవు సరకుపైననే కేంద్రశాఖకు అధికారము. ఆ శాఖ చేయవలసిన సమస్త కార్యములకును ఉన్న తనిఖీదారులు ఆఱునూఱుమందికి లోపు. 1959 నవంబరులో క్రాన్‌బెర్రీ పండ్లలో కలుపుమందు అవశేషము కనబడినదని ప్రభుత్వము ప్రకటింపగా, పండుగ ముందు దేశమంతట గగ్గోలు పుట్టెను. తప్పు చేయని రైతుల పండ్లు కూడ అంగళ్లలో కుళ్లెను. ఏ పెట్టెలో మందున్నదో, ఏ పెట్టెలో లేదో అప్పటికప్పుడు చెప్పగల సాధనము కొనువానికి గాని అమ్మువానికి గాని లేకపోయెను. గృహిణి చేయగలిగినది పైయాకులు ఒలిచి పాఱవేయుట, తొక్క తీయుట. ఉడికించిన మాత్రమున ఆ మందులు పోవని రేచెల్ హెచ్చరించెను.

ఆ గ్రంథములో ఆమె వివరించిన మఱియొక విషయము నేటి చేతి పరికరములకు మూలమైనది గనుక కొంచెము నిలిచి చూతము. డి.డి.టి. జాతి మందులు కాక, భాస్వరముతో కూడిన మఱియొక జాతి కలదు. 1930 ప్రాంతముల తుదిని జర్మనీలో గెర్‌హార్డ్ ష్రాడర్ అను శాస్త్రజ్ఞుడు వీని పురుగుచంపు శక్తిని కనుగొనెను. వీని సోదరులే యుద్ధమునకై తయారుచేయబడిన నరవిషములు. మన శరీరమున నరమునుండి కండరమునకు ఆజ్ఞను మోయు దూత అసిటైల్‌కోలిన్ అను రసాయనము. ఆజ్ఞ అందిన వెంటనే దూతను తొలగింపవలెను. లేనిచో ఆజ్ఞ ఆగక వచ్చుచునే యుండును, కండరము వణకుచునే యుండును. తొలగించు పని కోలినెస్టరేజ్ అను ఎంజైముది. భాస్వరపు మందు ఆ ఎంజైమును పట్టి బంధించును. అప్పుడు నోట నురుగు, కంటిపాప కుంచించుకొనుట, వణకు, తుదకు ఊపిరి ఆగుట. పత్తి, మిరప పొలములలో ముక్కునకు గుడ్డయైన కట్టుకొనక మందు కొట్టి సొమ్మసిల్లి పడిన కూలీలను మన పల్లెలలో చూచినవారికి ఈ లక్షణములు క్రొత్తవి కావు.

పురుగును, మనిషిని చంపు ఈ మార్గమునే తరువాతి పరిశోధకులు విషమును పట్టుకొను ఉచ్చుగా మార్చిరి. ఒక కాగితపు బిళ్లపై కోలినెస్టరేజ్ నుంచుదురు. కూరగాయను కడిగిన నీటిని దానిపై వేసి పదినిమిషముల వఱకు ఆగుదురు. పిమ్మట రంగు పుట్టించు పదార్థమున్న రెండవ బిళ్లను దానికి అదుముదురు. ఎంజైము బ్రదికియున్నచో నీలిరంగు తేలును. తెల్లగానే యుండినచో దానిని ఏదో మందు బంధించినదని అర్థము. ఇదే పనిని విద్యుత్తుతో చేయు పరికరములును కలవు. రక్తములోని చక్కెరను చూచుకొను చిన్న యంత్రమువలె, వీనిలో ఎంజైము పూసిన పలుచని తీగబిళ్ల యుండును. విద్యుత్ప్రవాహము తగ్గినకొలది మందు ఎక్కువ యని తెలియును. ఎంజైమును విద్యుద్ధ్రువమునకు జోడించు ఉపాయమును లీలండ్ క్లార్క్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు తన సహచరునితో కూడి ప్రకటించినది 1962లో. రేచెల్ గ్రంథము వెలువడినదియు ఆ యేటనే. ఒకరి పని మఱియొకరికి తెలిసి చేసినది కాదు.

ఈ పరికరములు సర్వజ్ఞములని తలపరాదు. భాస్వరపు మందులను, కార్బమేట్ అను జాతిని ఇవి పట్టును గాని డి.డి.టి. వంటివానిని పట్టలేవు. ఉల్లి, వెల్లుల్లి రసములు వీనిని మోసగించును. ఏ మందు, ఎంత అని కచ్చితముగా తేల్చుటకు సరకును పెద్ద పరిశోధనశాలకు పంపవలసినదే. డి.డి.టి. జాతిని లేశమాత్రమైనను పసిగట్టు సాధనమును 1957లో ఇంగ్లండులో జేమ్స్ లవ్‌లాక్ నిర్మించెను. అదియు అఱచేతిలో పట్టునంత చిన్నదే గాని గ్యాస్ క్రోమటోగ్రాఫ్ అను పెద్ద యంత్రమునకు జోడింపవలెను. 1960 తరువాత అది పరిశోధనశాలలన్నిట వ్యాపించి, మనుష్యుడు పైరు వేయని దక్షిణధ్రువపు పెంగ్విను పక్షులలో సైతము డి.డి.టి. చేరినదని చూపుటకు తోడ్పడెను. రేచెల్ అనుమానించినదానికంటె విషము దూరము పోయినది.

ఇక ఆమె కథకు వత్తము. గ్రంథరచన సగములో నుండగా, 1960 ఏప్రిలులో ఆమె ఱొమ్మునకు శస్త్రచికిత్స జరిగెను. అది క్యాన్సరని వైద్యుడు ఆమెతో చెప్పలేదు. ఆ దినములలో స్త్రీ రోగులకు అట్టి వార్త దాచెడివారు. ఏడాది తిరుగకమునుపే రోగము వ్యాపించినదని మఱియొక వైద్యునివలన తెలిసెను. కాయలో దాగిన విషమును ప్రజలకు తెలుపవలెనని పాటుపడుచున్న స్త్రీకి తన దేహములో దాగినదానిని తెలుపకపోయిరి. తెలిసిన పిమ్మట ఆమెయు దానిని దాచెను. పురుగుమందులు క్యాన్సరు కలిగింపవచ్చునని వ్రాయుచున్నది. తనకు ఆ రోగమున్నదని తెలిసినచో ప్రత్యర్థులు, రోగబాధచే పక్షపాతము వహించినదని త్రోసివేయుదురని ఆమె భయము. ఆప్తులైన కొద్దిమందికి తప్ప ఎవ్వరికిని చెప్పలేదు. వికిరణ చికిత్సచే ఒడలు డస్సెను. కన్నులకు వాపు వచ్చి కొన్ని వారములు చదువలేకపోయెను. వ్రాసినదానిని ఇతరులచే చదివించుకొని దిద్దెను. కాలముతో పందెము వేసినట్లు పని సాగెను.

1962 జూన్‌లో ఆ గ్రంథభాగములు న్యూయార్కర్ పత్రికలో వెలువడెను. సెప్టెంబరు 27వ తేదీన ‘సైలెంట్ స్ప్రింగ్’ అను పేరుతో పుస్తకము వచ్చెను. పక్షికూత లేని మౌనవసంతమని ఆ పేరునకు భావము. తుదిని 55 పుటలలో ఆధారముల పట్టిక యుండెను. తన మాటపై దావా వేయుదురని ముందే యూహించి, ప్రతి వాక్యమునకును సాక్ష్యము కట్టియుంచెను.

ఊహించినట్లే దుమారము లేచెను. ఒక మందుల కంపెనీ ప్రచురణకర్తలను వ్యాజ్యముతో బెదరించెను. పరిశ్రమవారు చాల ధనము వ్యయపఱచి ఖండనపత్రములు పంచిరి. పురుగుమందులు లేనిచో ప్రపంచము ఆకలితో మాడునని ఎగతాళి కథలు వ్రాయించిరి. ఆమె శాస్త్రజ్ఞురాలు కాదనిరి, కమ్యూనిస్టు అనిరి, పెండ్లికాని స్త్రీకి రాబోవు తరముల చింత యేల యని ఎత్తిపొడిచిరి. ఆ యెత్తిపొడుపు అచ్చగు దినములలో ఆమె ఇంట పదేండ్ల బాలుడు పాఠములు చదువుకొనుచుండెను. డి.డి.టి. మలేరియాను తగ్గించిన మేలునకు ఆమె తగినంత స్థలమీయలేదను విమర్శ మాత్రము పూర్తిగా త్రోసివేయదగినది కాదు. ఐనను మందులన్నియు మానుమని ఆమె ఎన్నడును వ్రాయలేదు. ఎఱిగి, కొలిచి, అవసరమైనంతయే వాడుమనెను. విచ్చలవిడిగా చల్లినచో పురుగులే మందునకు అలవాటుపడునని హెచ్చరించెను. మన దేశములోనే 1960ల నడుమ లక్షకు దిగిన మలేరియా రోగుల సంఖ్య 1976లో అఱువది లక్షలు దాటెను, డి.డి.టి. కి లొంగని దోమలు అందులకు ఒక కారణము.

1963 ఏప్రిల్ 3వ తేదీన టెలివిజనులో ఈ వాదము ప్రసారమయ్యెను. ప్రకటనలిచ్చు సంస్థలలో కొన్ని ముందే తప్పుకొనెను. ఒకవైపు తెల్లని పరిశోధకుని అంగీ తొడిగిన కంపెనీ శాస్త్రజ్ఞుడు గొంతెత్తి మాటలాడెను. మఱియొకవైపు రేచెల్ తన యింట కుర్చీలో కూర్చుండి మెల్లగా, తొట్రుపాటు లేక, తెలిసినది తెలిసినట్లు, తెలియనిది తెలియనట్లు చెప్పెను. చూచినవారు ఎవరిని నమ్మిరో వేఱుగ చెప్పనక్కఱలేదు. అధ్యక్షుడు కెన్నెడీ నియమించిన శాస్త్రసలహా సంఘము మే 15న తన నివేదికను వెలువరించి, ఆమె చెప్పినదానిలోని ముఖ్యాంశములను సమర్థించెను. జూన్‌లో ఆమె సెనేట్ సంఘము ముందు సాక్ష్యమిచ్చెను. చికిత్సవలన జుట్టు రాలిపోగా కృత్రిమకేశములు ధరించి, ఎముకల నొప్పిచే అడుగు తీసి అడుగు వేయలేక వచ్చిన ఆమె, ఎదుటనున్న సభ్యులకు ఆ సంగతి తెలియనీయలేదు. తన యింటిలో తాను ఇతరులు చల్లిన విషమునుండి భద్రముగా నుండుట పౌరుని హక్కని ఆమె వాదించెను. అట్టి హక్కును కాపాడుటకై 1970లో పర్యావరణ రక్షణ సంస్థ ఏర్పడెను. 1972లో అమెరికాలో పైరులపై డి.డి.టి. వాడుక నిషేధింపబడెను. మన దేశములో వ్యవసాయమునకు దాని వాడుక 1989లో నిలిపివేయబడెను. వీనిలో ఏదియు ఆమె చూడలేదు.

1963 సెప్టెంబరులో ఒక ఉదయము ఆమె స్నేహితురాలైన డొరొతీ ఫ్రీమన్‌తో కలసి, సౌత్‌పోర్ట్ దీవి కొనయందలి న్యూవేగన్ అను చోట సముద్రపు టొడ్డున కూర్చుండెను. మోనార్క్ అను నారింజవన్నె సీతాకోకచిలుకలు ఒకదాని వెనుక నొకటి దక్షిణమునకు పోవుచుండెను. అవి తిరిగి రావని, వాని ఆయువు అంతయేనని ఇరువురకును తెలియును. ఆ దృశ్యము తమకు దుఃఖము కలిగింపలేదని, సంతోషమే కలిగించెనని, ఆ మధ్యాహ్నమే రేచెల్ ఆమెకు లేఖ వ్రాసెను.

1964 ఏప్రిల్ 14వ తేదీన మేరీలాండు రాష్ట్రమందలి సిల్వర్ స్ప్రింగ్ పట్టణములో, తన స్వగృహమున రేచెల్ కన్నుమూసెను. అప్పటికి ఆమె వయస్సు 56 ఏండ్లు. చితాభస్మములో కొంత తల్లి సమాధి ప్రక్కన ఉంచబడెను. మిగిలినదానిని డొరొతీ తీసికొనిపోయి, సీతాకోకచిలుకలను చూచిన ఆ న్యూవేగన్ రాళ్లపైనుండి సముద్రములో కలిపెను.